సంఘపు వెబ్‌సైటు వెదకువారికి కనబడు విధము

ఇటీవలి సంవత్సరములలో రైతు సహకార సంఘములు పెక్కు తమ పేరిట వెబ్‌సైటులను నెలకొల్పుకొనుచున్నవి. పండించిన పంటను పలువురు మధ్యవర్తుల చేతులమీదుగా గాక, వాడుకొనువారికే నేరుగా అమ్ముకొనవలెనను కోరికయే యిందులకు ముఖ్యకారణము. కోరిక మంచిదే. కాని వెబ్‌సైటు పెట్టినంతమాత్రమున కొనువారు వత్తురని తలంపరాదు. బాటకు దూరముగా, పేరుపలకయైనను లేక, అంగడి కట్టి సరకు నింపి కూర్చుండినచో బేరము జరుగునా? వెబ్‌సైటు సంగతియు నట్టిదే.

ఇట్లు కొన్ని నెలలు గడచి, ఎవరును వచ్చుట లేదని కార్యదర్శి విచారపడుచుండగా, ఎవరో యొకరు టెలిఫోనులో పలుకరింతురు. “నెలదినములలో మీ సంఘమును గూగుల్‌లో మొదటి స్థానమున నిలిపెదము, సంవత్సరపు రుసుమును ముందుగా చెల్లింపుడు” అందురు. కీవర్డులనియు, బ్యాక్‌లింకులనియు, ర్యాంకింగు అనియు వారు పలుకు మాటలు పాలకవర్గమువారికి అర్థము కావు. అర్థము కానందున కొందరు భయపడి మానుకొందురు. కొందరు నమ్మి సంతకము చేయుదురు. రెండును నష్టమే. మార్కెట్ యార్డులో తూకము, తరుగు, కమీషను, హమాలీ అను మాటల అర్థమెరిగిన రైతును మోసపుచ్చుట కష్టము. అట్లే యీ క్రొత్త సంతలోని మాటలను గూడ మన సభ్యులు తెలిసికొనుట యవసరము. వానిని ఒక్కొక్కటిగా వివరించుటయే యీ వ్యాసోద్దేశము.

శోధనయంత్రము చేయు మూడు పనులు

కావలసిన విషయమును మాటలలో వ్రాసి యడిగినచో, దానికి సంబంధించిన వెబ్ పేజీల పట్టికను చూపు సాధనమునకు సెర్చ్ ఇంజన్ అని పేరు. దీనిని మనము శోధనయంత్రమందము. గూగుల్, బింగ్ మొదలగునవి శోధనయంత్రములు. వెదకువారికి మన పేజీలు సులభముగా దొరకునట్లు వెబ్‌సైటును చక్కబరచుకొను పనిని సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అందురు, పొడియక్షరములలో ఎస్.ఇ.ఓ. అని వ్యవహారము.

శోధనయంత్రము మూడు పనులను వరుసగా చేయును. మొదటిది క్రాలింగు, అనగా తిరిగి చూచుట. ఇందులకు క్రాలర్ అను ప్రోగ్రాము గలదు. గూగుల్ వారి క్రాలరునకు గూగుల్‌బాట్ అని పేరు. అది యొక పేజీని చదివి, అందులోని లింకుల వెంట మరియొక పేజీకి, అచటినుండి వేరొకదానికి పోవుచుండును. ఏ పేజీనుండియు లింకు లేని పేజీ, దారి లేని పొలము వంటిది. క్రాలరు దానిని చేరుట దుర్లభము.

రెండవది ఇండెక్సింగు, అనగా సూచికలో చేర్చుట. పెద్ద గ్రంథముల చివర, ఏ మాట యే పుటలో నున్నదో తెలుపు పదసూచిక యుండును గదా. శోధనయంత్రము తాను చూచిన పేజీలకు అట్టి మహాసూచిక నొకదానిని సిద్ధపరచుకొనును. మనము ప్రశ్న వ్రాసినప్పుడు అది లోకములోని వెబ్‌సైటులన్నిటిని అప్పటికప్పుడు తిరిగి చూడదు. తన సూచికలోనే వెదకును. సూచికలో లేని పేజీ ఎంత చక్కనిదైనను ఎవరికిని కనబడదు.

మూడవది ర్యాంకింగు, అనగా వరుస నిర్ణయించుట. ఒక ప్రశ్నకు లక్షలకొలది పేజీలు సంబంధించి యుండవచ్చును. వానిలో ఏది ముందు, ఏది వెనుక యని తేల్చుటకు శోధనయంత్రము పెక్కు గుణములను పరిశీలించును.

ఈ మూడింటి భేదము తెలిసినచో సగము విద్య తెలిసినట్లే. వెబ్‌సైటు కనబడుట లేదన్నప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న “మనము ఎన్నవ స్థానములో నున్నాము?” అనునది కాదు, “మనము సూచికలో నున్నామా?” అనునది. దీనిని స్థూలముగా పరీక్షించుటకు ఖర్చు లేదు. శోధనపెట్టెలో సైట్ అను ఆంగ్లపదమును, దాని ప్రక్కన కోలను గుర్తును, ఖాళీ విడువక సంఘపు వెబ్ చిరునామాను వ్రాసి వెదకినచో, ఆ వెబ్‌సైటులో సూచికకెక్కిన పేజీలు కనబడును. ఒక్కటియు కనబడనియెడల లోపము మొదటి రెండు పనులలో నున్నదని గ్రహింపవచ్చును.

ద్వారమువద్ద పలకలు

క్రాలరును ఏయే భాగములకు రానీయవలెనో, ఏయే భాగములకు రానీయరాదో తెలుపుటకు వెబ్‌సైటు మొదట రోబోట్స్ డాట్ టెక్స్ట్ అను చిన్న ఫైలు నుంతురు. ఈ యాచారమును 1994లో మార్టిన్ కోస్టర్ అనునతడు ప్రతిపాదించెను. నోఇండెక్స్ అనునది వేరొక యాజ్ఞ. “ఈ పేజీని చదువవచ్చును గాని సూచికలో చేర్పవలదు” అని దాని భావము. వెబ్‌సైటు కట్టుచుండగా, సగము పని చేసినదానిని లోకము చూడకుండుటకు నిర్మాతలు ఈ యాజ్ఞను పెట్టుట కలదు. పని ముగిసినపిమ్మట దానిని తీయుట మరచినచో, ద్వారబంధమునకు తాళమువేసి అంగడి తెరచితిమని చాటినట్లగును. కావున నిర్మాతకు చివరి బిల్లు చెల్లించుటకు ముందు ఈ రెండింటిని గూర్చి వ్రాతపూర్వకముగా అడుగుట మేలు.

సైట్‌మ్యాప్ అనునది వెబ్‌సైటులోని పేజీల జాబితా. దీనిని చూచి క్రాలరు ఏయే పేజీలున్నవో తెలిసికొనును. ఈ పద్ధతిని గూగుల్ 2005లో ప్రవేశపెట్టగా, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలును అంగీకరించినవి. జాబితా యిచ్చినంతమాత్రమున ప్రతి పేజీయు సూచికకెక్కునని గాని, స్థానము పెరుగునని గాని భావింపరాదు. అది దారి చూపునదే గాని సిఫారసు గాదు.

మరియొక మాట. వెబ్‌సైటును తిరిగి కట్టించునప్పుడు పేజీల చిరునామాలు మారుట కలదు. గిడ్డంగి స్థలము మారినప్పుడు పాత తలుపుమీద క్రొత్త చిరునామాను వ్రాసి యంటించినట్లు, పాత పేజీకి వచ్చినవారిని క్రొత్త పేజీకి పంపు ఏర్పాటు చేయవలెను. దీనికి రీడైరెక్టు అని పేరు. శాశ్వతముగా మారినదానికి 301 అను సంఖ్య గుర్తు. ఈ యేర్పాటు లేనియెడల వచ్చినవారికి పేజీ లేదని తెలుపు 404 అను సంఖ్య యెదురగును. ఇన్నాళ్లు సంపాదించిన పేరును పోవును.

కొనువాని నోటి మాట

వెదకువాడు శోధనపెట్టెలో వ్రాయు మాటలను క్వెరీ అందురు, అనగా ప్రశ్న. ఏ మాటలతో వెదకువారికి మనము కనబడగోరుదుమో ఆ మాటలే కీవర్డులు. ఇచట పెక్కు సంఘములు పొరపడుచున్నవి. తాము సరకును ఏమని పిలుతురో అదియే వ్రాసికొందురు గాని, కొనువాడేమని పిలుచునో విచారింపరు.

బనగానపల్లె మామిడినే యుదాహరణముగా గైకొందము. ఈ పండునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. మనలో పలువురు దీనిని బంగినపల్లి యందురు. హైదరాబాదు ప్రాంతమున బేనిషాన్ అందురు. ఉత్తరదేశపు బజారులలో సఫేదా యను పేరు వాడుకలో నున్నది. ఆంగ్లలిపిలో ఈ పేర్లనే పలువురు పలువిధములుగా వ్రాయుదురు. సంఘపు పేజీలో “శ్రేష్ఠమైన ఫలములు లభించును” అని మాత్రమే యున్నచో, ఈ వెదకువారిలో నెవరికిని ఆ పేజీ కనబడు నవకాశము తక్కువ. “బంగినపల్లి, బేనిషాన్, సఫేదా యని పిలువబడు బనగానపల్లె మామిడి” అని యొక్క వాక్యము స్పష్టముగా వ్రాసినచో మేలు కలుగును. ఇప్పటి శోధనయంత్రములు పర్యాయపదములను కొంతవరకు గ్రహింపగలవు. ఐనను మనము చెప్పని సంగతిని అవి ఊహించునని నమ్మి యుండరాదు.

మామిడి యను ఒక్క మాటతో వెదకువారు కోట్లకొలది యుందురు. అచట పోటీయు అంతటిదే. ఆ వెదకువానికి పండు కావలెనో, మొక్క కావలెనో, ఊరగాయ పాఠము కావలెనో తెలియదు. “కార్బైడు లేక మాగిన బంగినపల్లి ఐదు కిలోల పెట్టె” అని వెదకువారు కొలదిమందియే. కాని వారు కొనుటకు సిద్ధపడినవారు. ఇట్టి నిడుపైన ప్రశ్నలను లాంగ్ టెయిల్ కీవర్డులందురు. ప్రశ్న వెనుకనున్న కోరికను సెర్చ్ ఇంటెంట్ అందురు. అనగా వెదకువాని యుద్దేశము. చిన్న సంఘమునకు పెద్ద మాటలకై పోరాడుటకంటె, తన సరకునకు సరిపడు ఉద్దేశము గలవారిని చేరుటయే లాభకరము.

ఇచటనే యొక మాయను గూర్చి హెచ్చరింపవలసి యున్నది. కొందరు ప్రతినిధులు సంఘపు పూర్తి పేరును వ్రాసి వెదకి, “చూడుడు, మీరు మొదటి స్థానమున నున్నారు” అని చూపి రుసుము గోరుదురు. మన పేరు మనకే యున్నప్పుడు, ఆ పేరుతో వెదకగా మనమే ముందు కనబడుట ఘనకార్యము గాదు. పేరు నెరుగని కొనుగోలుదారు సరకు పేరుతో వెదకినప్పుడు కనబడుటయే యసలు పరీక్ష. మరియు, వెదకువాని ప్రదేశమును బట్టియు, పరికరమును బట్టియు ఫలితములు మారుచుండును; కావున ఒక్క ఫోనులో చూపినది అందరికిని కనబడునని నమ్మరాదు.

పేజీలో నుండవలసినవి

టైటిల్ అనునది పేజీ శీర్షిక. శోధనఫలితములలో పెద్ద యక్షరములలో సాధారణముగా కనబడునది ఇదియే. అన్ని పేజీలకును “స్వాగతము” అని యొకే శీర్షిక యుంచుట వ్యర్థము. పసుపు పేజీకి పసుపును, మామిడి పేజీకి మామిడిని, ఊరి పేరుతో గూడ తెలుపవలెను. శీర్షిక క్రింద కనబడు రెండు మూడు పంక్తులకై మనము వ్రాసియిచ్చు సంగ్రహమును మెటా డిస్క్రిప్షన్ అందురు. గూగుల్ దీనినే చూపవచ్చును, లేదా పేజీలోని వేరు వాక్యములను చూపవచ్చును. ఇది స్థానమును పెంచదు గాని, చదివినవాడు లోనికి వచ్చుటకు తోడ్పడును. మెటా కీవర్డులు అను వేరొక స్థలమున మాటలను గుప్పించుట పూర్వపు వాడుక. వెబ్ శోధనలో వరుస నిర్ణయించుటకు వానిని తాము లెక్కింపమని గూగుల్ వారు 2009లోనే ప్రకటించిరి. నేటికిని ఈ పనికి ప్రత్యేకముగా సొమ్మడుగువారున్నచో వారి మాట నమ్మదగినది కాదు.

కరపత్రమును ఫొటో తీసి వెబ్‌సైటులో పెట్టి ఊరకుండుట మన సంఘములలో తరచుగా కనబడు లోపము. మనుష్యుడు చదువగలిగినను, బొమ్మలోని యక్షరములను శోధనయంత్రము సరిగా గ్రహించునని భరోసా లేదు. ధర, రకము, తూకము, పంపు విధము, సంప్రదింపవలసిన వేళలు మున్నగునవి అక్షరరూపముననే యుండవలెను. బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ అను చిన్న వివరణ వ్రాయవలెను. ఇది శోధనయంత్రమునకే గాక, చూపు లేనివారు వాడు చదువు సాధనములకును ఉపకరించును.

వెబ్‌సైటు ఫోనులో చక్కగా కనబడుట ముఖ్యము. ఫోనులో కనబడు రూపమునే ప్రధానముగా తీసికొని సూచిక సిద్ధపరచు పద్ధతిని గూగుల్ 2016లో ప్రకటించి, 2023లో ముగించినట్లు తెలిపెను. పేజీ త్వరగా తెరచుకొనవలెను. చిరునామా హెచ్.టి.టి.పి.ఎస్. అని మొదలగునట్లు చూడవలెను; వచ్చినవాని ఫోనునకును వెబ్‌సైటునకును నడుమ జరుగు సమాచారము గుప్తముగా సాగునని దాని భావము. 2014లో గూగుల్ దీనిని వరుస నిర్ణయించు గుణములలో స్వల్పమైన యొకదానిగా చేర్చెను.

ఇతరుల సాక్ష్యము

1998లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు తమ శోధనయంత్రమును గూర్చి యొక పరిశోధనపత్రమును ప్రకటించిరి. ఆ సంవత్సరమే గూగుల్ సంస్థ యేర్పడెను. వారి ముఖ్యమైన యూహకు పేజ్‌ర్యాంక్ అని పేరు. పండితుల గ్రంథములలో ఏ గ్రంథమును ఇతరులు ఎక్కువగా ఉదాహరింతురో అది ప్రమాణగ్రంథమగును గదా. అట్లే ఏ పేజీకి ఇతర పేజీలు లింకులిచ్చునో ఆ పేజీకి విలువ హెచ్చును. అందును లింకు ఇచ్చువాని విలువను బట్టియే ఆ లింకు విలువ. ఊరి తగవులో నలుగురు మెచ్చిన పెద్దమనిషి యొక్క సాక్ష్యము, దారిన పోవు పదిమంది మాటకంటె నెక్కువ కాదా? ఇదియు నట్టిదే. నేడు గూగుల్ పరిశీలించు గుణములు పెక్కు. వానిలో లింకులు ఒకటి.

ఇతర వెబ్‌సైటులనుండి మన పేజీకి వచ్చు లింకులను బ్యాక్‌లింకులందురు. లింకు ఏ మాటలమీద నుండునో ఆ మాటలను యాంకర్ టెక్స్ట్ అందురు. “ఇచట నొక్కుడు” అను మాటకంటె “బంగినపల్లి మామిడి ధరలు” అను మాట వెదకువానికిని యంత్రమునకును ఎక్కువ తెలివిడి కలిగించును. సంఘములకు న్యాయమైన లింకులు రాదగిన చోట్లు లేకపోలేదు. జిల్లా సమాఖ్య, విత్తనము లేక శిక్షణ యిచ్చిన సంస్థ, సరకు కొను దుకాణము, వార్త ప్రచురించిన పత్రిక మొదలగువారిని మర్యాదగా కోరవచ్చును. ఒక సంఘము పేజీలో మరియొక సంఘపు సరకును నిజముగా మెచ్చి తెలుపుట సహకారధర్మమునకు తగినదే. సొమ్మిచ్చి కొన్న లింకు మాత్రము సాక్ష్యము గాదు. అది కొన్న సాక్ష్యము. ప్రకటనగా పొందిన లింకునకు అది ప్రకటనయని తెలుపు స్పాన్సర్డ్ లేక నోఫాలో అను గుర్తు పెట్టవలెనని గూగుల్ నియమము.

కొన్న స్థలము, సంపాదించిన స్థలము

శోధనఫలితములు రెండు విధములు. ప్రకటన యను గుర్తుతో కనబడునవి సొమ్ము చెల్లించి పొందినవి. వీనికై గూగుల్ 2000లో ప్రారంభించిన ఏర్పాటునకు 2018నుండి గూగుల్ యాడ్స్ అని పేరు. సాధారణముగా ఎవరైన ప్రకటనను నొక్కినప్పుడు ఇంతయని సొమ్ము పడును. సొమ్ము నిలిచిననాడు ప్రకటనయు నిలుచును. ఆ గుర్తు లేనివి ఆర్గానిక్ ఫలితములు, అనగా సహజముగా వచ్చినవి. ఈ వరుసలో స్థానము పెంచుటకు గూగుల్ ఎవరియొద్దను సొమ్ము పుచ్చుకొనదు. ప్రకటన యిచ్చినవారికి ఈ వరుసలో మన్నన జరుగదు.

మామిడి కాలము వంటి స్వల్పకాలపు అమ్మకములకు ప్రకటన యిచ్చుట తప్పు గాదు. కాని ప్రకటనకై చెల్లించు సొమ్మును, వెబ్‌సైటును చక్కబరచు పనికై చెల్లించు సొమ్మును, జమాఖర్చులలో వేరుగా చూపవలెను. ప్రకటన వేయించి, “మీకు మొదటి స్థానము తెచ్చితిమి” అని చెప్పువారి మాటలోని గుట్టు అప్పుడు బయటపడును.

దొంగదారులు, వాని ఫలము

ఒక మాటను నూరుమారులు గుప్పించుటను కీవర్డ్ స్టఫింగు అందురు. తెల్లని తలముమీద తెల్లని యక్షరములతో, మనుష్యునకు కనబడక యంత్రమునకు మాత్రము తెలియునట్లు వ్రాయుట మరుగువ్రాత. యంత్రమునకొక పేజీని, మనుష్యునకు వేరొక పేజీని చూపుట క్లోకింగు. యంత్రమును మాత్రమే ఆకర్షించుటకు కట్టిన బూటకపు ముంగిలి పేజీలు డోర్‌వే పేజీలు. ఇవి యన్నియు బస్తా పైన మేలురకమును పోసి అడుగున తాలు నింపుట వంటివి.

2006 ఫిబ్రవరిలో జర్మనీ దేశపు కార్ల సంస్థయగు బి.ఎమ్.డబ్ల్యు. వారి జర్మన్ వెబ్‌సైటును గూగుల్ తన సూచికనుండి తొలగించెను. అందులో వాడిన కార్లను గూర్చిన మాటలతో నిండిన డోర్‌వే పేజీలుండెను. వానిని తెరచిన మనుష్యుడు మాత్రము వేరు పేజీకి మరలింపబడుచుండెను. ఆ సంస్థ వానిని తీసివేసినపిమ్మట కొలదిదినములలోనే తిరిగి చేర్చుకొనబడెను. అంతటి పేరుగల సంస్థకే మినహాయింపు దొరకలేదు.

2011 ఫిబ్రవరిలో అమెరికాలోని జె.సి. పెన్నీ అను పెద్ద దుకాణముల సంస్థ సంగతిని న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టెను. దుస్తులు, దుప్పట్లు, సామానులు మొదలగు పెక్కు మాటలకు ఆ సంస్థ మొదటి స్థానముననో, ఆ చేరువనో యుండెను. సంబంధము లేని వెబ్‌సైటులలో వేలకొలది లింకులు ఆ సంస్థకై నాటబడి యుండుటయే కారణమని తేలెను. గూగుల్ శిక్ష విధింపగా, కొన్ని మాటలకు ఆ సంస్థ మొదటి స్థానమునుండి డెబ్బదవ స్థానము ప్రాంతమునకు పడిపోయెను. ఆ లింకులను తాము అనుమతింపలేదని సంస్థవారు చెప్పి, తమ శోధన సలహాదారులను తొలగించిరి. ఐనను శిక్ష పడినది సలహాదారునకు గాదు, సంస్థకే. మన సంఘములు గుర్తుంచుకొనవలసిన పాఠమిదియే. చేయి గుత్తదారునిది, పేరు సంఘమునది. దండుగ పడునప్పుడు పేరు గలవారిమీదనే పడును.

ఆ 2011లోనే పసలేని వ్రాతలను వెనుకకు నెట్టుటకు పాండా యను మార్పును, 2012లో కొన్న లింకులు మొదలగు మోసములను అరికట్టుటకు పెంగ్విన్ అను మార్పును గూగుల్ ప్రవేశపెట్టెను. యంత్రము లెక్కించు సూత్రమునే ఆల్గరిథమ్ అందురు. అది మారినప్పుడు స్థానము తగ్గవచ్చును. గూగుల్ ఉద్యోగులు పరిశీలించి విధించు శిక్షను మాన్యువల్ యాక్షన్ అందురు. దీని నోటీసు సర్చ్ కన్సోల్ అను సాధనములో కనబడును.

లెక్కలు చూచు విధము

సర్చ్ కన్సోల్ అనునది గూగుల్ వెబ్‌సైటు యజమానులకు ఉచితముగా నిచ్చు లెక్కల పుస్తకము. అందులో నాలుగు మాటలు ముఖ్యము. ఇంప్రెషన్ అనగా శోధనఫలితములలో మన పేజీ కనబడిన మారు. క్లిక్ అనగా దానిని నొక్కి లోనికి వచ్చుట. సి.టి.ఆర్. అనగా కనబడినవానిలో నూటికి ఎన్నిమారులు నొక్కిరను లెక్క. 1,000 మారులు కనబడి 20 మారులు నొక్కబడినచో సి.టి.ఆర్. నూటికి 2. యావరేజ్ పొజిషన్ అనగా సగటు స్థానము. ఇది 15 అయినచో మనము తరచుగా రెండవ పుటలో నున్నామని స్థూలముగా గ్రహింపవచ్చును.

కనబడుట హెచ్చుగానుండి నొక్కుట తక్కువయైనచో శీర్షికను, సంగ్రహమును సరిచూడవలెను. నొక్కుట హెచ్చుగానుండి బేరములు లేనిచో, లోపము శోధనయంత్రములో లేదు. ధర, తపాలా ఖర్చు, నిరుటి తేదీతో మిగిలిన ప్రకటన, ఎవరును ఎత్తని టెలిఫోను మొదలగు వానిలో నున్నది. గుత్తదారులు ఇంప్రెషన్ల లెక్కనే చూపి మెప్పు గోరుదురు. సంఘము చూడవలసిన కడపటి లెక్క యెన్ని పెట్టెలు అమ్ముడుపోయెనను నదియే.

పటములో చోటు, పేరుపై హక్కు

సంఘమునకు అమ్మకపు స్థలమున్నచో, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అను ఉచిత ఏర్పాటులో పేరు నమోదు చేసికొనవలెను. అప్పుడు పటములోను, “దగ్గరలోని విత్తనముల దుకాణము” వంటి ప్రశ్నలకును కనబడు నవకాశము గలుగును. పేరు, చిరునామా, తెరచు వేళలు సరిగా నుండవలెను. కొన్నవారి యభిప్రాయములను కోరవచ్చును గాని, మనలో మనమే వ్రాసికొనుటయు, సొమ్మిచ్చి వ్రాయించుటయు నిషిద్ధము.

అన్నిటికంటె ముఖ్యమైనది హక్కు. వెబ్‌సైటు చిరునామాను డొమైన్ అందురు. దీనిని కాలపరిమితితో నమోదు చేయించి, గడువు తీరకముందు పునరుద్ధరింపవలెను. సహకార సంస్థలకే ప్రత్యేకింపబడిన డాట్ కూప్ అను చివరిపేరు 2000లో ఆమోదింపబడెను; తెలుగు లిపిలో డాట్ భారత్ అను చివరిపేరును గలదు. ఏది తీసికొన్నను దానివలన మాత్రమే స్థానము పెరుగదు. కాని డొమైన్ సంఘము పేరిటనే నమోదు కావలెను. గుత్తదారు పేరిట నమోదైనచో, అతనితో తగవు వచ్చిననాడు సంఘము తన పేరునే పోగొట్టుకొనును. డొమైన్, సర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్ అను మూడింటి యజమాన్యమును, గడువు తేదీలను స్థిరాస్తుల పుస్తకమువలె పాలకవర్గము తన రికార్డులో నుంచుకొనవలెను.

క్రొత్తగా వచ్చిన మార్పు

2024 మే నెలలో అమెరికాలోను, ఆగస్టులో మన దేశములోను, ఏఐ ఓవర్‌వ్యూస్ అను పద్ధతిని గూగుల్ ప్రవేశపెట్టెను. ఇందులో కొన్ని ప్రశ్నలకు కృత్రిమమేధ కూర్చిన సమాధానము లింకులతో గూడ మొదటనే కనబడును. సమాధానము అచటనే దొరకినప్పుడు కొందరు లోని పేజీలకు రాకపోవచ్చును. కాని పండు కొనగోరువాడు సమాధానము చదివి తృప్తిపడడు, అమ్మువానిని వెదకును. ఈ సమాధానములును సూచికలోని పేజీలను ఆధారముగా గొనునవే గాన, స్పష్టమైన, సత్యమైన, సూచికకెక్కిన పేజీ యవసరము తగ్గలేదు. సంఘమువారే యెరిగిన సంగతులు, అనగా తమ నేల, కోత కాలము, మాగవేయు విధము, ఈ వారపు ధర మొదలగునవి వ్రాయుట వలన ఇతరులవద్ద లేని సరకు మనవద్ద నుండును.

సంతకమునకు ముందు అడుగవలసినవి

ఎస్.ఇ.ఓ. పనిని ఇతరులకు అప్పగించుట తప్పు గాదు. నిజాయితీతో చేయువారును గలరు. ఐనను ఈ ప్రశ్నలకు వ్రాతపూర్వకముగా జవాబు తీసికొనుడు. ఏయే పేజీలలో ఏయే మార్పులు చేయుదురు, ఎందులకు చేయుదురు? లింకులు ఎచటినుండి, ఏ విధముగా తెత్తురు? ప్రకటనలకు పోవు సొమ్మెంత, పనికి కూలి యెంత? ఏ మాటలకు స్థానము చూపెదరు. అవి సంఘము పేరు గల మాటలా, సరకు పేరు గల మాటలా? సర్చ్ కన్సోల్ లెక్కలను మాకు నేరుగా చూడనిత్తురా? ఒడంబడిక ముగిసినపిమ్మట మీవద్ద నేమి మిగులును?

మొదటి స్థానమునకు హామీ ఎవరును ఈయజాలరని గూగుల్ వారే తమ మార్గదర్శకములలో తెలిపియున్నారు. మంచి పనియొక్క ఫలము కనబడుటకు సాధారణముగా నాలుగు నెలలనుండి యొక సంవత్సరము పట్టునని కూడ వారు చెప్పిరి. నెలదినములలో హామీ యిచ్చువానిని, విత్తిన వారమునకే కోత కోసియిత్తునను వానివలెనే యెంచవలెను.

ఈ మాటలలో కష్టమైనదేదియు లేదు. కనుగొనబడుట, సూచికకెక్కుట, వరుసలో నిలుచుట యను మూడు మెట్లును, అన్నిటికిని మూలమైన నిజాయితీయు తెలిసినచో చాలును. సంఘ సభ్యులలో చదువుకొన్న యువకులకును యువతులకును ఈ పని యప్పగించి, నెలకొకమారు సర్చ్ కన్సోల్ లెక్కలను పాలకవర్గ సమావేశమున చదివించుడు. వచ్చు సమావేశముననే డొమైన్ ఎవరి పేరిట నున్నదో కార్యదర్శిని అడుగుడు. ఆ యొక్క ప్రశ్నతో పని మొదలగును.